ఆ మూడువేల ఐదువందలు ఎవరి ఖాతాలో పడుతున్నాయి?

ప్రత్యేక అవసరాలున్న పిల్లల తల్లిదండ్రులు నలుగురు కలిసిన చోట ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది. అది ఈ పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రం వరండా కావచ్చు, వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరం బయట చెట్టునీడ కావచ్చు. "మా పిల్లవాడికి ప్రభుత్వం ఏడాదికి మూడువేల ఐదువందలు ఇస్తుందట కదా సార్, అది ఎవరి ఖాతాలో పడుతోంది?" అడిగేవారి గొంతులో సగం ఆశ, సగం అనుమానం. మధ్యలో ఎవరో మింగేస్తున్నారని ఆ అనుమానం.

ఎవరి ఖాతాలోనూ పడదన్నది జవాబు. అసలు అది ఖాతాలో పడే డబ్బే కాదు. ఈ ఒక్క సంగతి విడమరిచి చెప్పేవారు లేక ఎన్నో కుటుంబాలు మండల విద్యాశాఖ కార్యాలయం చుట్టూ ఉత్తపుణ్యానికి తిరుగుతున్నాయి. కింద చెప్పబోయే లెక్కలు ఏ వైకల్యం ఉన్న పిల్లలకైనా ఒకటే. అయితే ఆటిజం ఉన్న పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఇవే లెక్కలు పనికిరాకుండా పోతాయి. ఎందుకు పోతాయన్నదే అసలు విషయం. దానికి ముందు డబ్బు దారి తెలియాలి.

ప్రభుత్వ బడుల్లో ఈ పిల్లల చదువుకు డబ్బు ప్రధానంగా సమగ్ర శిక్ష పథకం నుంచి వస్తుంది. అంతకు ముందు విడివిడిగా నడిచిన సర్వశిక్షా అభియాన్‌ను, మాధ్యమిక శిక్షా అభియాన్‌ను, ఉపాధ్యాయ శిక్షణ పథకాన్ని కలిపి 2018-19లో దీన్ని మొదలుపెట్టారు. ఇందులో సహిత విద్య అని ఒక విభాగం ఉంది. ఒక్కో పిల్లవాడికి ఏడాదికి గరిష్ఠంగా 3,500 రూపాయల చొప్పున లెక్కగట్టి ఆ విభాగానికి అంచనా తయారు చేస్తారు. పాత సర్వశిక్షా అభియాన్‌లో ఇది 3,000 రూపాయలు ఉండేది.

జిల్లాలో ఇలాంటి పిల్లలు వెయ్యిమంది నమోదయ్యారనుకుందాం. వెయ్యిని 3,500తో గుణిస్తే 35 లక్షలు. ఆ వెయ్యిమందికీ కలిపి ఏడాదిలో ఏమేం చేయాలో జిల్లా అధికారులు రాసే ప్రణాళిక ఆ 35 లక్షలు దాటకూడదు. నిర్ధారణ శిబిరాలు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు, కాలిపర్లు, బ్రెయిలీ పుస్తకాలు, భవిత కేంద్రానికి రాకపోకల భత్యం, తోడు వచ్చేవారికి ఇచ్చే భత్యం, ఫిజియోథెరపీ, బోధన సామగ్రి అన్నీ అందులోనే. ఒకరికి పెద్ద పరికరం అవసరమైతే వేలల్లో ఖర్చవుతుంది, ఇంకొకరి మీద ఏడాదంతా పైసా ఖర్చు కాకపోవచ్చు. సగటు లెక్కలో ఇద్దరూ మూడువేల ఐదువందలే. ప్రత్యేక ఉపాధ్యాయుల జీతాలు మాత్రం ఇందులోకి రావు, వాటి పద్దు వేరు.

గందరగోళానికి ఇంకో కారణమూ ఉంది. ఇదే విభాగంలో ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున పది నెలలకు 2,000 రూపాయల ఉపకార వేతనం ఉంది. అది నేరుగా ఖాతాలోనే పడుతుంది. దాంతో ఒక ఇంటివారు "మాకు పడింది" అంటారు, పక్కింటివారు "మాకు పడలేదే" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు. ఆటిజం నిర్ధారణ అయిన పిల్లల్లో మగపిల్లలే చాలా ఎక్కువ అన్నది ప్రపంచమంతటా కనిపించే విషయం. అంటే ఈ ఉపకార వేతనం కూడా ఆటిజం ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి వర్తించదు.

ఇక పైనుంచి కిందికి చూద్దాం. సమగ్ర శిక్ష ఖర్చులో మన ఆంధ్రప్రదేశ్‌కు కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. జిల్లాలు పంపిన ప్రణాళికలను రాష్ట్ర కార్యాలయం కూర్చి ఢిల్లీకి పంపుతుంది. అక్కడ పథక ఆమోద మండలి కూర్చుని ఒక్కో పద్దునూ ఒప్పుకోవడమో కోయడమో చేస్తుంది. ఆ తరువాత నిధులు విడతలుగా వస్తాయి. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో సమగ్ర శిక్షకు కేటాయించినది 41,250 కోట్లు. అది దేశం మొత్తానికి, బడి భవనాల నుంచి పాఠ్యపుస్తకాల దాకా అన్నిటికీ. సహిత విద్యకు అందులో దక్కేది చిన్న ముక్క.

ఈ ఏర్పాటులో ఒక ప్రమాదం ఉంది. మొత్తం పథకానికి నిధులు ఆగితే ఈ చిన్న ముక్క కూడా ఆగుతుంది. పొరుగున తమిళనాడులో అదే జరిగింది. ఎంపిక చేసిన బడులను మాదిరి బడులుగా మార్చే కేంద్ర పథకం పీఎంశ్రీ ఒప్పందం మీద కేంద్రంతో తగాదా వచ్చి 2024-25లో ఆ రాష్ట్రానికి రావలసిన రెండువేల కోట్లకు పైగా సమగ్ర శిక్ష నిధులు నిలిచిపోయాయి. ఆ తగాదాకూ వైకల్యం ఉన్న పిల్లలకూ ఏ సంబంధమూ లేదు.

లెక్కలోకి రావడమే మొదటి పరీక్ష

పైన వెయ్యిమంది నమోదయ్యారనుకుందాం అన్నాను. నిజానికి చిక్కంతా ఆ నమోదు దగ్గరే ఉంది. మన నెల్లూరు జిల్లాలో ఉదయగిరికి అవతల, సీతారామపురం మండలంలో ఒక పల్లె, అందులో ఏడేళ్ల బాబు ఉన్నాడనుకోండి. నెల్లూరుకు నూరు కిలోమీటర్లకు పైనే దూరం. పిలిస్తే పలకడు, కళ్లలోకి చూడడు. చక్రం తిరిగే వస్తువేదైనా దొరికితే గంటల తరబడి దాన్నే తిప్పుతుంటాడు. రెండో తరగతిలో పేరుంది. బడికి అప్పుడప్పుడు వస్తాడు. టీచరుకు "కొంచెం మొండి" అనిపిస్తాడు, అమ్మమ్మకు "వాళ్ల తాతకూ మాటలు ఆలస్యమే" అనిపిస్తాడు.

ఈ బాబు పేరు మీద ఒక్క రూపాయి ప్రణాళికలోకి ఎక్కాలన్నా దేశంలోని బడుల సమాచారం నమోదు చేసే యూడైస్‌కు బడి నుంచి వెళ్లే వివరాలలో ప్రత్యేక అవసరాల గడి నిండాలి. వైకల్యం రకం అన్నచోట ఆటిజం అని పడాలి. కాలు వంకరగా ఉన్న పిల్లవాడిని గుర్తించడానికి శిక్షణ అక్కరలేదు. ఆటిజాన్ని గుర్తించడానికి కావాలి. మామూలు ఉపాధ్యాయులు వాడడానికి ఎన్‌సీఈఆర్‌టీ ప్రశస్త్ అనే పరిశీలన పట్టికనూ యాప్‌నూ తయారు చేసింది. తరగతి టీచరు మొదటి భాగం నింపితే, అనుమానం ఉన్న పిల్లలను ప్రత్యేక ఉపాధ్యాయుడు రెండో విడతలో చూడాలి. ఏర్పాటు బాగానే ఉంది. కానీ ఇద్దరు టీచర్లతో ఐదు తరగతులు నడిచే మెట్ట ప్రాంతపు బడిలో, ఇప్పటికే ఎన్నో యాప్‌లలో ఫొటోలు ఎక్కిస్తున్న ఆ టీచరు దీన్ని కూడా ఓపికగా నింపుతారని ఆశించడం కొంచెం ఎక్కువే.

గుర్తించినా తప్పు గడిలో పడే అవకాశం ఉంది. మాట రాకపోతే మూగ అని రాసినవారున్నారు, బుద్ధిమాంద్యం కింద చేర్చినవారున్నారు. దీనికి టీచర్లను మాత్రమే తప్పుపట్టలేం. 1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు రకాలలో ఆటిజం లేనే లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం దాన్ని పేరుపెట్టి చెప్పింది గానీ ఆ చట్టం పరిధి సంరక్షకుల నియామకం, సంక్షేమం వంటివి. 21 రకాల వైకల్యాల జాబితాలోకి ఆటిజం చేరింది 2016 దివ్యాంగుల హక్కుల చట్టంతో. అది అమలులోకి వచ్చింది 2017 ఏప్రిల్‌లో. అంటే ఈ రోజు పదవీ విరమణకు దగ్గరపడిన ప్రధానోపాధ్యాయుడు తన ఉద్యోగంలో ఎక్కువ కాలం ఇలాంటి గడి లేని పట్టికలే నింపారు.

తరువాతిది ధ్రువపత్రం. ఒక సంగతి గట్టిగా చెప్పాలి. బడిలో చేర్చుకోవడానికి సదరం పత్రం అక్కరలేదు. పత్రం తెమ్మని పిల్లవాడిని వెనక్కి పంపడం చట్టవిరుద్ధం. కానీ పింఛనుకు, ఉపకార వేతనాలకు, పరికరాలకు 40 శాతం వైకల్యం ఉన్నట్టు పత్రం కావాలి. 2016 చట్టంలోని 31వ సెక్షను 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు ఇచ్చిందీ ఆ 40 శాతం ఉన్నవారికే. విద్యాహక్కు చట్టం 14 ఏళ్లకే ఆగిపోతుంది గనుక, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఈ సెక్షనే ఆధారం.

ఆటిజాన్ని కొలవడానికి ఐసా అనే భారతీయ కొలమానం ఉంది. అందులో నలభై అంశాలు. మొత్తం 70 కంటే తక్కువైతే ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 వరకు స్వల్పం, 107 నుంచి 153 వరకు మధ్యస్థం, ఆ పైన తీవ్రం. దీన్ని చూడగలిగిన క్లినికల్ సైకాలజిస్టు, మానసిక వైద్యుడు ప్రతి ఆస్పత్రిలో ఉండరు. గ్రామ సచివాలయంలో సదరం పరీక్షకు స్లాటు తీసుకుని, ఆత్మకూరుకో కావలికో కాక నెల్లూరు దాకా రావలసిన పరిస్థితి చాలామందిది. కొత్త మనుషులు, కొత్త గోడలు, మూడు గంటల బస్సు ప్రయాణం తరువాత ఆ బాబు అక్కడ ఎలా ఉంటాడో తల్లికి తెలుసు. ఆ పదిహేను నిమిషాలలో వైద్యుడికి కనిపించేది రోజూ ఇంట్లో ఉండే బాబు కాదు, బెదిరిపోయిన బాబు. 2025 ఆగస్టు నుంచి స్త్రీలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఛార్జీ లేదు కాబట్టి తల్లి ఉచితంగా, కొడుకు అరటికెట్టు మీద వస్తారు. విద్యాశాఖకు సంబంధమే లేని ఈ పథకం రాకపోకల భత్యం కంటే నిలకడగా ఆ తల్లిని ఆదుకుంటోంది. అయితే ఆ రోజు కూలి మాత్రం పోతుంది.

ఒక పిల్లవాడు, నాలుగు శాఖలు

ఇదే బాబు ఐదేళ్ల లోపు అంగన్‌వాడీలో ఉన్నప్పుడు స్త్రీ, శిశు సంక్షేమ శాఖ పిల్లవాడు. 2023 నవంబరులో కేంద్రంలోని ఆ శాఖ దివ్యాంగ బాలల కోసం అంగన్‌వాడీ మార్గదర్శకాలు తెచ్చింది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు ఎదుగుదల లోపాలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఆరోగ్యశాఖది. సదరం పత్రం రాసేదీ ఆ శాఖ వైద్యులే. చదువు విద్యాశాఖది. తొమ్మిది, పది తరగతులలో కేంద్రం ఇచ్చే ప్రీమెట్రిక్ ఉపకార వేతనం, హాస్టల్లో కాక ఇంటి నుంచి బడికి వెళ్లేవారికి నెలకు 500, సామాజిక న్యాయశాఖది. దానికి కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. స్వచ్ఛంద సంస్థలు నడిపే ప్రత్యేక పాఠశాలలకు అందే సాయం కూడా ఆ శాఖదే. లక్ష రూపాయల వరకు వైద్య, థెరపీ ఖర్చులు తిరిగి ఇచ్చే నిరామయ బీమా నేషనల్ ట్రస్టుది.

నెల్లూరు వారికి తెలియవలసిన ముఖ్యమైన విషయం ఇంకొకటుంది. సికింద్రాబాదులోని జాతీయ మేధో వైకల్య సంస్థ ఆధ్వర్యంలో నడిచే సమ్మిళిత ప్రాంతీయ కేంద్రం, సీఆర్‌సీ అంటారు, నెల్లూరులోనే ఉంది. రాష్ట్రంలో చాలా జిల్లాలకు లేని వసతి ఇది. థెరపీ తెలిసినవారు అక్కడ ఉంటారు. కానీ అది సామాజిక న్యాయశాఖ గొడుగు కింద ఉంది. సీతారామపురం బడి టీచరుకు అక్కడి థెరపిస్టు ఫలానా బాబు గురించి ఒక కాగితం పంపాలన్నా, ఆ కాగితం చూసి బడి ఏదైనా మార్చాలన్నా రెండు వ్యవస్థల మధ్య ఎవరో పట్టించుకుని తిరగాలి. ఆ తిరిగే మనిషి జీతం ఏ పద్దులోనూ లేదు. చివరికి తల్లే ఫైలు చంకన పెట్టుకుని తిరుగుతుంది.

వస్తువు కొనవచ్చు, గంటలు కొనలేం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సహిత విద్య నిధుల తీరు పుట్టిందే పరికరాల ఆలోచనలోంచి. నడవలేనివారికి మూడు చక్రాల బండి, వినలేనివారికి యంత్రం, చూడలేనివారికి బ్రెయిలీ. కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో తయారు చేసిన పరికరాలు పంచడానికి కేంద్ర సామాజిక న్యాయశాఖ 60 శాతం, విద్యా పథకం 40 శాతం భరించే ఒప్పందం కూడా ఉంది. ఇదంతా అవసరమే. ఒక శిబిరం పెట్టి, శాసనసభ్యుడి చేతుల మీదుగా వంద పరికరాలు ఇస్తే ఖర్చు కనిపిస్తుంది, ఫొటో కనిపిస్తుంది, ఆడిట్‌కు రసీదు ఉంటుంది.

ఆటిజం ఉన్న బాబుకు అలాంటి పరికరం లేదు. మేధో వైకల్యం ఉన్న పిల్లలకు ఇచ్చే బోధన సామగ్రి పెట్టె ఒకటి ఇస్తారు. రంగురంగుల దిమ్మెలు, బొమ్మల కార్డులు వగైరా. దాన్ని పట్టుకుని పక్కన కూర్చునే మనిషి లేకపోతే ఆ పెట్టె బీరువాలో ఉంటుంది.

ఆ బాబుకు ఏం కావాలో బడిలో ఒక్క పూట గమనిస్తే తెలుస్తుంది. ప్రార్థన వేళ మైకు ఒక్కసారి కీచుమంటే చెవులు మూసుకుని గేటు వైపు పరుగెత్తుతాడు. ఆ సమయంలో వెనకాల వెళ్లేవారు కావాలి. మధ్యాహ్న భోజనానికి వందమంది ఒకేసారి స్టీలు పళ్లేలు తీస్తే ఆ మోత అతనికి భరించరానిది. పది నిమిషాలు ముందుగా ఒక మూల కూర్చోబెట్టి పెడితే తింటాడు. అందుకొకరు కావాలి. రోజూ తెలుగు తరువాత లెక్కలు ఉండి, ఒకరోజు లెక్కలు ముందు వస్తే అతని లోకం తలకిందులవుతుంది. ముందురోజే బొమ్మలతో చూపించి చెబితే ఒప్పుకుంటాడు. మూత్రానికి వెళ్లాలని చెప్పలేడు, ఒక కార్డు చూపడం నేర్పితే చెప్పగలడు. ఆ కార్డు ఖరీదు రూపాయి. దాన్ని నేర్పడానికి రోజూ అరగంట చొప్పున నెలలు పట్టవచ్చు. ఆ నెలలకే ఖరీదు.

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. 3,500ను 800తో భాగించండి. గంటకు నాలుగు రూపాయల ముప్పై ఏడు పైసలు. పట్టణంలో ప్రైవేటు స్పీచ్ థెరపీకి ఒక్క విడతకే వందల్లో తీసుకుంటారని ఏ తల్లినడిగినా చెబుతుంది. ఈ లెక్కకు అడ్డుచెప్పేవారు "ప్రత్యేక ఉపాధ్యాయుల జీతం వేరు కదా" అంటారు. నిజమే, దాని దగ్గరికి వస్తాను. బడికి విడిగా అందే సంయుక్త గ్రాంటు కూడా ఉంది. 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 25,000. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, చిన్న మరమ్మతులు, పారిశుధ్యం అన్నీ అందులోనే. దానితో ప్రధానోపాధ్యాయుడు ఒక సహాయకురాలిని పెట్టుకోవడం జరిగే పని కాదు.

ఇంకోవైపు చూస్తే ప్రభుత్వం దగ్గర డబ్బు లేదనడానికీ వీల్లేదు. ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 అయింది. ఏడాదికి 72,000. పత్రం ఉండి, మిగతా అర్హతలు ఉంటే ఆ బాబు కుటుంబానికీ వస్తుంది. తల్లికి వందనం కింద బడికి వెళ్లే ఒక్కో బిడ్డకు అర్హులైన తల్లులకు వచ్చే 13,000 దానికి అదనం. ఈ రెండూ కలిపితే 85,000. అదే బాబు కోసం బడి వ్యవస్థ వేసుకున్న అంచనా 3,500. ఇంటికి వెళ్లే డబ్బులో ఇరవయ్యో వంతు కూడా కాదు.

పింఛను తగ్గించాలని నేననడం లేదు. ఆ డబ్బు వచ్చిన ఇళ్లలో అది ఎంత ఆసరానో తెలియనిది కాదు. కానీ సీతారామపురంలో ఆరువేలు చేతిలో ఉన్నా కొనడానికి స్పీచ్ థెరపిస్టు దొరకాలి కదా. నెల్లూరులో ఇల్లు అద్దెకు తీసుకుని పిల్లవాడి కోసం కాపురం మార్చిన కుటుంబాలున్నాయి. నగదు బదిలీ చేసే బటన్ నొక్కడం ప్రభుత్వాలకు చేతనవుతుంది. మండలానికొక నిపుణుడిని పెట్టి, అతను పదేళ్లు అక్కడే ఉండేలా చూడడం కష్టం. మన నిధుల తీరు ఆ సులువైన దారినే పట్టింది.

జీతాల సంగతి

మండలంలో భవిత కేంద్రాన్ని నడిపేది సహిత విద్య ఉపాధ్యాయులు. వీరిని ఐఈఆర్‌టీలని, ఐఈఆర్‌పీలని పిలుస్తారు. సమగ్ర శిక్ష నిధుల మీద ఒప్పంద పద్ధతిలో పనిచేస్తున్నవారే వీరిలో ఎక్కువ. వారానికి కొన్ని రోజులు కేంద్రంలో, మిగతా రోజులు బడుల సందర్శన, కదలలేని పిల్లల ఇళ్లకు వెళ్లడం, మధ్యలో శిబిరాలు, ఆన్‌లైన్ నమోదులు. 2023 డిసెంబరులో రాష్ట్రమంతటా సమగ్ర శిక్ష ఒప్పంద ఉద్యోగులు క్రమబద్ధీకరణ కోసం సమ్మెకు దిగారు. ఇలాంటి రోజుల్లో మిగతా పిల్లలకు బడి జరుగుతుంది, ఈ పిల్లలకు జరగదు.

ఇంకో చిక్కు అర్హత గురించి. ప్రత్యేక ఉపాధ్యాయులకు భారత పునరావాస మండలి నమోదు తప్పనిసరి. వారిలో ఎక్కువమంది చదువు వినికిడి, దృష్టి, మేధో వైకల్యాలలో ఏదో ఒకదానిలో ఉంటుంది. వినికిడి లోపంలో శిక్షణ పొందిన టీచరు ఆటిజం ఉన్న బాబును చూసుకోవలసి వస్తే, ఆమె నిజాయితీగా పనిచేసినా, పళ్ల డాక్టరును కళ్లు చూడమన్నట్టే ఉంటుంది.

2021 అక్టోబరులో రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో ప్రతి పదిమంది ఇలాంటి పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, ఆ పై స్థాయిలో ప్రతి పదిహేనుమందికి ఒకరు ఉండాలన్న నిష్పత్తిని ముందుకు తెచ్చింది. ఒప్పందాలతో నెట్టుకురాకుండా శాశ్వత పోస్టులు ఉండాలని చెప్పింది. రాష్ట్రాలు కదలకపోవడంతో 2025 మార్చిలో పోస్టులను ప్రకటించమని గడువు పెట్టింది. ఆ వెనుకే మన రాష్ట్రం 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులను మంజూరు చేసింది. అందులో 1,136 ప్రాథమిక స్థాయిలో బోధించే ఎస్‌జీటీలు, 1,124 ఆ పై స్థాయిలో బోధించే స్కూల్ అసిస్టెంట్లు. ఆటిజం, మేధో వైకల్యం ఉన్న విద్యార్థులను ఉద్దేశించే ఈ పోస్టులు అన్నారు. ఎన్నేళ్ల తరువాత వచ్చిందైనా ఇది మంచి మలుపే, ఎందుకంటే మొదటిసారి డబ్బు వస్తువు మీద కాక మనిషి మీద, అదీ శాశ్వత జీతం రూపంలో పడబోతోంది. అయితే రాష్ట్రంలోని 670 పైచిలుకు మండలాలకు పంచితే మండలానికి ముగ్గురు, కొంచెం ఎక్కువ. ప్రాథమిక పాఠశాలలకైతే ఒకరో ఇద్దరో. మంజూరు వేరు, భర్తీ వేరు, భర్తీ అయినవారు ఉదయగిరి మెట్టలోనో కనిగిరి అవతలి పల్లెల్లోనో నిలవడం ఇంకా వేరు. బదిలీల కౌన్సెలింగ్‌లో ఈ మండలాల పేర్లు ఎంత ఆలస్యంగా నిండుతాయో ఉపాధ్యాయులకు తెలిసిన విషయమే.

అమెరికాలో బంధువులున్న కుటుంబాలు మన జిల్లాలో తక్కువేమీ కాదు. వాళ్లు ఫోనులో "ఇక్కడ ప్రభుత్వ బడిలోనే థెరపీ ఉచితం, పక్కన ఒక సహాయకురాలిని కూడా పెడతారు" అని చెబితే ఇక్కడి తల్లి మనసు చివుక్కుమంటుంది. అందులో చాలావరకు నిజం ఉంది. అక్కడి 1975 చట్టం ప్రకారం ప్రత్యేక విద్య అవసరమైన ప్రతి పిల్లవాడికి వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాస్తారు. 1990 నుంచి ఆటిజం అందులో ప్రత్యేక వర్గం. ప్రణాళికలో వారానికి రెండు గంటల స్పీచ్ థెరపీ అని రాస్తే బడి ఇచ్చి తీరాలి, ఇవ్వకపోతే తల్లిదండ్రులు విచారణకు వెళ్లవచ్చు. కానీ డబ్బు విషయంలో వాళ్లదీ కొరతే. దేశంలో ఒక విద్యార్థి మీద సగటున అయ్యే ఖర్చులో 40 శాతం వరకు ఇలాంటి ఒక్కో పిల్లవాడికి ఇస్తామన్న ఫెడరల్ ప్రభుత్వం ఏనాడూ ఆ మాట నిలబెట్టుకోలేదు, మిగతాది రాష్ట్రాలు, స్థానిక పన్నులు మోస్తున్నాయి. బడి జిల్లాలు బడ్జెట్‌కూ చట్టానికీ మధ్య నలుగుతుంటాయి. తేడా ఏమిటంటే, అక్కడ ముందు అవసరం రాసి తరువాత దానికి డబ్బు వెతుక్కుంటారు. ఇక్కడ ముందే డబ్బు నిర్ణయించి, అవసరాన్ని అందులో ఇమడ్చమంటారు. మన భవిత కేంద్రాలలో కూడా వ్యక్తిగత ప్రణాళిక రాస్తారు. అందులో ఏం రాసినా దాని వెనుక ఒక్క రూపాయి కూడా కదలదు.

అడిగేటప్పుడు ఏం అడగాలి

కాబట్టి "మా డబ్బు ఏది" అన్న ప్రశ్నను పక్కనపెట్టి "మా బాబుకు వారానికి ఎన్ని గంటలు, ఎవరు, ఎక్కడ" అని అడగడం మేలు. దానికి జవాబు కాగితం మీద ఇవ్వగలిగేది మండల విద్యాశాఖాధికారి, జిల్లాలో సమగ్ర శిక్ష అదనపు పథక సమన్వయకర్త కార్యాలయం. నోటిమాటగా జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. ఈ ఏడాది మన మండలంలో సహిత విద్య కింద ఏ పద్దుకు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, యూడైస్‌లో ఆటిజం కింద ఎంతమంది నమోదయ్యారు. ఈ మూడు అడిగితే చాలు. మూడోదానికి సున్నా అని జవాబు వస్తే ఆశ్చర్యపోవద్దు, అదే అన్నిటికంటే పనికొచ్చే జవాబు.

పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. వెనుకబడిన వర్గాల, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు అందులో వాటా ఉంది, 2012 సవరణ తరువాత దివ్యాంగ బాలలూ ఆ లెక్కలోకి వచ్చారు. భోజనం పది నిమిషాలు ముందు పెట్టడం, మైకు చప్పుడు తగ్గించడం వంటివాటికి ఢిల్లీ ఆమోదం అక్కరలేదు, కమిటీ తీర్మానం చాలు. ఊళ్లో ప్రైవేటు బడి ఒక్కటే దగ్గరైతే, 25 శాతం ఉచిత సీట్లలో అనాథలు, హెచ్‌ఐవీ బాధిత పిల్లలతో కలిపి దివ్యాంగులకు 5 శాతం కోటా ఉంది. ఫిర్యాదులకు రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ఉన్నారు, దానికి వకీలు అక్కరలేదు.

ఇక గడువుల విషయం. వచ్చే ఏడాది ప్రణాళికను జిల్లాలు సాధారణంగా సంక్రాంతి తరువాత తయారు చేయడం మొదలుపెడతాయి. దానికి ఆధారం ఆ విద్యా సంవత్సరపు యూడైస్ వివరాలు. కాబట్టి బడి తెరిచిన మొదటి నెలల్లోనే ప్రధానోపాధ్యాయుడి దగ్గరికి వెళ్లి, కంప్యూటర్ తెర మీద మీ పిల్లవాడి పేరు ఎదురుగా ఏ గడి నిండి ఉందో మీ కళ్లతో చూడండి. సదరం పత్రం ఇంకా రాకపోయినా, ప్రశస్త్ పట్టిక నింపి ప్రత్యేక ఉపాధ్యాయుడి పరిశీలనకు పంపమని అడగండి. తప్పు గడి ఉంటే దిద్దించి, దిద్దిన పేజీ ప్రింటు తీసుకోండి. మార్చి దాటాక వెళ్తే ప్రణాళిక అప్పటికే పైకి వెళ్లిపోయి ఉంటుంది.